పిత్తం పెరిగిందంటే వేడి చేసిందనేనా?

నాలుగేళ్ల కిందట నాకు రెండు నెలల పాటు గుండెల్లో మంట వదల్లేదు. వేడి చేసింది కాబట్టి చలువ చెయ్యాలి, అంతే కదా అనుకున్నాను. పొద్దున ఒక గ్లాసు, మధ్యాహ్నం రెండు గ్లాసులు మజ్జిగ తాగాను. రాత్రి పెరుగన్నం, పడుకునే ముందు ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలు. మంట తగ్గలేదు సరికదా పుల్లటి తేన్పులు, నోట్లో నీళ్లూరడం, తిన్నది ఛాతీ కిందే నిలబడిపోయినట్టు ఉండటం కొత్తగా వచ్చి చేరాయి. చివరికి ఒక ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయన మంట గురించి అడగనే లేదు. "ఆకలేస్తోందా అండీ?" అన్నారు. ఆలోచిస్తే, టైమైందని తినడమే తప్ప ఆకలేసి తిని చాలా రోజులైంది. నాలుక చాపమన్నారు. తెల్లగా, మందంగా పూత కట్టి ఉంది. "మజ్జిగ ఆపెయ్యండి, పాలు కూడా ఆపెయ్యండి. ముందు అరుగుదల సంగతి చూద్దాం, చలువ సంగతి తర్వాత" అన్నారు.

పిత్తం పెరిగినవాడికి చలువ వద్దనడమేమిటని అప్పుడు ఆశ్చర్యపోయాను. ఆ ఆశ్చర్యంతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ, మనలో చాలామంది పిత్తాన్ని సగమే అర్థం చేసుకుని మిగతా సగానికి తప్పు వైద్యం చేసుకుంటున్నామని తెలిసొచ్చింది.

చిక్కు మన మాటల్లోనే ఉంది. కళ్లు మండినా, మూత్రం మంటగా వచ్చినా "వేడి చేసింది" అంటాం. బస్సులో కడుపు తిప్పి పసరు కక్కితే "పైత్యం" అంటాం. గుండెల్లో మండితే "ఎసిడిటీ" అంటాం. మూడింటినీ కలిపి పిత్తం ఖాతాలో వేసేస్తాం. ఇంకోపక్క పిత్తాశయం అనే అవయవం ఒకటి ఉండటంతో, పిత్తమంటే అందులో నిలవుండే పసరేనని అనుకునేవాళ్లూ ఉన్నారు. ఆయుర్వేదం పిత్తమని పిలిచేది వీటన్నిటి కంటే పెద్ద భావన. వాతం, కఫాలతో పాటు ఒంటిని నడిపే మూడు దోషాల్లో ఇదొకటి. శరీరంలో ఒకదాన్ని ఇంకొకటిగా మార్చే పని ఎక్కడ జరిగినా అక్కడ పిత్తం ఉందంటుంది. తిన్నదాన్ని అరిగించేది పాచక పిత్తం. అన్నరసానికి ఎరుపు రంగు ఇచ్చి రక్తంగా మార్చేది రంజకం. కంటిలో ఉండి చూపునిచ్చేది ఆలోచకం, చర్మానికి ఛాయనిచ్చేది భ్రాజకం. హృదయంలో ఉండి బుద్ధిని, ఉత్సాహాన్ని నడిపేది సాధకం. ఒకరి మాటలకు పొంతన లేకపోతే "పైత్యం ప్రకోపించింది" అంటామే, ఆ మాటకు వెనక ఈ చివరిది ఉందనిపిస్తుంది నాకు.

కాబట్టి పిత్తం జబ్బు కాదు. అది లేకపోతే అన్నం అరగదు. ఇంటర్నెట్‌లో పది ప్రశ్నలకు జవాబులిచ్చి "నాది పిత్త ప్రకృతి" అని తేల్చుకుని, ఆ రోజు నుంచి రోగిలా పథ్యం చేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ప్రకృతి పుట్టుకతో వచ్చిన తీరు. వికృతి ఇప్పుడు దారితప్పిన స్థితి. వైద్యం రెండోదానికే.

వేడినీళ్లతో ఆరిన నిప్పు

ఆయుర్వేద మూలగ్రంథమైన చరక సంహిత పిత్తానికి ఏడు గుణాలు చెప్పింది: కాస్త జిడ్డు, వేడి, చురుకైన తీక్ష్ణత, ద్రవంగా ఉండటం, పులుపు, జారిపోయే స్వభావం, కారం. తర్వాతి కాలపు వైద్యుడు వాగ్భటుడు తన అష్టాంగ హృదయం అనే గ్రంథంలో తేలికదనాన్ని, పచ్చి వాసనను కూడా చేర్చాడు. ఈ జాబితాను మనం చదివే తీరులోనే పొరపాటు ఉంది. అందులో "వేడి" దగ్గరే ఆగిపోతాం. ద్రవం, పులుపు అన్న మాటల మీద మన చూపు నిలవదు.

పిత్తం నిప్పులాంటిదే, అయితే నీళ్లలా పారే నిప్పు. అందుకే అది పెరిగితే ఆకలి కూడా పెరగాలన్న రూలేమీ లేదు. గ్రహణీ రోగం (అరుగుదల చెడి విరేచనాలయ్యే పేగుల జబ్బు) గురించి చెప్పేచోట చరకుడు చక్కటి పోలిక ఇచ్చాడు. కారాలు, పులుపులు, క్షారాలు, అజీర్ణం వల్ల పెచ్చరిల్లిన పిత్తం, మరిగే నీళ్లు నిప్పును ఆర్పేసినట్టు అన్నాన్ని అరిగించే జఠరాగ్నిని ముంచి ఆర్పేస్తుందన్నాడు. నీళ్లు ఎంత వేడిగా కాగుతున్నా పొయ్యిలో పోస్తే పొయ్యి ఆరిపోతుంది కదా! నా కడుపులో జరిగింది సరిగ్గా ఇదే. లోపల మంట ఉంది, పొయ్యి మాత్రం ఆరిపోయింది. దాని మీద నేను రోజూ మూడు గ్లాసుల పుల్లటి చల్లదనం గుమ్మరిస్తూ వచ్చాను.

ఇక్కడే ఆయుర్వేదం రెండు స్థితుల్ని విడదీస్తుంది. సరిగ్గా అరగని అన్నరసాన్ని ఆమం అంటారు. ఆమంతో కలిసిన పిత్తం సామపిత్తం, దాంతో కలవనిది నిరామపిత్తం. సామపిత్తం ఉన్నప్పుడు పుల్లటి తేన్పులు, దుర్వాసన, ఒళ్లు బరువు, నోరు రుచి చచ్చిపోవడం, గొంతులోనూ గుండెల్లోనూ మంట కనిపిస్తాయి. నిరామపిత్తంలో మంట, దాహం తీవ్రంగా ఉంటాయి, కానీ నాలుక శుభ్రంగా ఉంటుంది. ఆకలి దహించేస్తుంది, భోజనం ఒక గంట ఆలస్యమైతే తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. రెండూ పిత్తాలే. వాటి వైద్యాలు మాత్రం మొదటి అడుగులోనే వేరు.

నిరామపిత్తానికి నెయ్యి, పాలు, తీపి పదార్థాలు వెంటనే హాయినిస్తాయి. సామపిత్తానికి అవే ఇస్తే పచ్చికట్టెల మీద నెయ్యి పోసినట్టే, పొగ తప్ప మంట రాదు. అక్కడ ముందు ఒకటి రెండు పూటలు కడుపును తేలిక చెయ్యాలి. పల్చటి పెసరకట్టు, జావ, గోరువెచ్చటి నీళ్లు సరిపోతాయి. ఆకలి తిరిగొచ్చాకే చలువ మొదలుపెట్టాలి. నాకు ఆ వైద్యుడు చెప్పింది కూడా ఇంతే: మూడు రోజులు పెసరకట్టు, మెత్తగా వండిన పాత బియ్యపన్నం, రాత్రి ఏడున్నరలోపు భోజనం. నాలుగో రోజు పొద్దున్నే ఆకలితో మెలకువొచ్చింది. అంత సంతోషం ఈ మధ్యకాలంలో ఎరగను.

పెరుగు చలువ కాదు

ఇది వింటే చాలామందికి రుచించదని తెలుసు. తాకితే చల్లగా ఉండటం వేరు, ఒంట్లోకి వెళ్లాక చేసే పని వేరు. ఆ రెండోదాన్ని ఆయుర్వేదం వీర్యం అంటుంది. పెరుగు ఉష్ణవీర్యం, అరిగాక కూడా పులుపుగానే మారుతుంది. రాత్రిపూట తినవద్దని, వేడి చేసి తినవద్దని, వసంత గ్రీష్మ శరదృతువుల్లో మానుకోవాలని అష్టాంగ హృదయం చెబుతుంది. తినాల్సివస్తే పెసరకట్టో, నెయ్యో, పంచదారో, తేనో, ఉసిరో కలిపి తినమంటుంది. ఎండాకాలం రాత్రి పెరుగన్నం తిని "చలువ చేసుకున్నాం" అనుకోవడం ఈ లెక్కన తలకిందుల వ్యవహారం.

మజ్జిగ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అది తేలిక, ఆకలిని పెంచుతుంది, గ్రహణికి, మొలలకు గొప్ప ఔషధం. అయినా మరో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు ఎండకాలంలో, బలహీనుల్లో, మూర్ఛ, తలతిరుగుడు, ఒళ్లుమంట ఉన్నవాళ్లలో, రక్తపిత్తంలో (ముక్కు, నోరు లాంటి చోట్ల నుంచి రక్తం కారే జబ్బులో) మజ్జిగ ఇవ్వొద్దన్నాడు. పూర్తిగా మానమనలేదు, దారి కూడా చూపించాడు: వాతానికైతే పుల్ల మజ్జిగలో సైంధవ లవణం వేసి, పిత్తానికైతే తియ్యటి మజ్జిగలో పంచదార వేసి. అంటే అప్పుడే తోడుకున్న, పులుపెక్కని పెరుగును చిలికి, వెన్న తీసి, చిటికెడు పంచదార కలిపి తాగితే పిత్తానికి మందు. నిన్నటి పుల్ల మజ్జిగలో ఉప్పు వేసి తాగితే అదే పిత్తానికి మేత.

రుచుల లెక్క పైకి తేలికగానే ఉంటుంది. తీపి, చేదు, వగరు పిత్తాన్ని తగ్గిస్తాయి. పులుపు, ఉప్పు, కారం పెంచుతాయి. దీన్ని సూత్రంలా బట్టీపడితే మాత్రం మోసపోతాం. పులుపులన్నీ పిత్తాన్ని పెంచేవే, దానిమ్మ, ఉసిరి తప్ప. అందుకే పిత్తానికి ఉసిరిని మించింది లేదంటారు. ఉప్పుల్లో సైంధవానికి మినహాయింపు ఉంది (రక్తపోటు ఉన్నవాళ్లకు మాత్రం అదీ ఉప్పేనని గుర్తుండాలి). కారాల్లో శొంఠి, పిప్పళ్లు అరిగాక తీపిగా మారతాయి కాబట్టి మిగతావాటంత కీడు చెయ్యవు. అటువైపు, మెంతులు చేదైనా వేడిచేస్తాయి. నువ్వులు తియ్యగా ఉన్నా వేడే. నాలుకకు తగిలిన రుచి ఒక్కదాన్నే నమ్మకూడదన్నది ఇందుకే.

మరో సంగతి కూడా చెప్పాలి. ప్రాచీన గ్రంథాల్లో కారం అంటే మిరియాలు, శొంఠి, పిప్పళ్లు లాంటివే. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసుల ద్వారా ఇక్కడికి వచ్చింది. చరకుడికి, వాగ్భటుడికి దాని మొహం తెలియదు. ఈ రోజు మన కూరల్లో పడే ఎర్రకారం వాళ్లు ఊహించినదాని కంటే ఎక్కువ తీక్ష్ణమైందే. పిత్తానికి పథ్యం చేసేవాళ్లు ఇంకేది మానినా మానకపోయినా ముందు దాన్ని తగ్గించాలని నా గట్టి అభిప్రాయం. దాంతోపాటే ఆవాలు, ఉలవలు, వెల్లుల్లి, ఊరగాయలు, నూనెలో వేగినవి, మద్యం. తినదగినవాటికి లోటేమీ లేదు: పాత బియ్యం, బార్లీ, పెసలు, సొరకాయ, పొట్లకాయ, బూడిదగుమ్మడి, కాకర, ఎండుద్రాక్ష, ఖర్జూరం, దానిమ్మ, కొబ్బరినీళ్లు, పాలు, నెయ్యి.

వీటిలో నెయ్యిది ప్రత్యేక స్థానం. వాతానికి నూనె, పిత్తానికి నెయ్యి, కఫానికి తేనె అన్నది వాగ్భటుడి లెక్క. కొవ్వు కదా, వేడి చెయ్యదా అని అడుగుతారు. నెయ్యి శీతవీర్యం, పైగా ఆకలిని చంపకుండా పెంచుతుంది. పిత్తాన్ని తగ్గిస్తూనే అగ్నిని నిలబెట్టేవి చాలా అరుదు. వేడన్నంలో ఒక చెంచా చాలు. ఆమం ఉన్నప్పుడు, కామెర్ల లక్షణాలున్నప్పుడు, కొలెస్టరాల్‌కు మందులు వాడుతున్నప్పుడు వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకండి.

ఎండాకాలం తప్పేమీ లేదు

పిత్తం అనగానే మనకు వేసవి గుర్తొస్తుంది. శాస్త్రం మాత్రం వానాకాలంలో పిత్తం పోగుపడుతుందని, శరదృతువులో, అంటే ఆశ్వయుజ కార్తీక మాసాల్లో ప్రకోపిస్తుందని, హేమంతంలో చల్లారుతుందని చెబుతుంది. వర్షాల్లో అరుగుదల మందగించి, నీళ్లూ ధాన్యాలూ పులుపుకు తిరుగుతాయి. చల్లదనానికి అలవాటుపడ్డ ఒంటికి మబ్బులు విడిపోగానే చుర్రుమనే ఎండ ఒక్కసారిగా తగులుతుంది. పోగుపడిన పిత్తం అప్పుడు కరిగి పారుతుంది. దద్దుర్లు, కళ్ల మంటలు ఆ రోజుల్లో ఎక్కువ కావడం మీరూ గమనించే ఉంటారు. శరత్తులో పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లారిన నీళ్లను హంసోదకమని పేరుపెట్టి మరీ మెచ్చుకున్నారు. ఆ ఋతువులో చేదుమందులతో కాచిన నెయ్యి, విరేచనం చెప్పారు. పిత్తానికి అన్నిటికంటే గొప్ప శోధన (దోషాన్ని ఒంట్లోంచి బయటికి పంపే చికిత్స) విరేచనమే. అదీ వైద్యుడి పర్యవేక్షణలో, ముందు స్నేహపానం (నెయ్యి లాంటి జిడ్డు పదార్థం తాగించడం) చేయించాక. ఇంట్లో ఆముదం తాగేసి కూర్చోవడాన్ని విరేచన చికిత్స అనరు.

రోజులోనూ ఇలాగే ఒక లయ ఉంది. మధ్యాహ్నం, అర్ధరాత్రి పిత్తం వేళలు. అందుకే పెద్ద భోజనం మధ్యాహ్నం పెట్టుకోవాలి. అర్ధరాత్రి దాటాక కూడా మేలుకుని ఉంటే మళ్లీ ఆకలేసి ఏదో ఒకటి తినబుద్ధి అవుతుంది చూడండి, ఆ వేళకు మేలుకోకుండా ఉండటమే దానికి మందు.

చేతులారా చేసుకునేవి

ధనియాల హిమం దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇది పాతకాలపు ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు ఒళ్లులోపలి మంటకు, దాహానికి చెప్పిన యోగం, తప్పు చెయ్యడానికి అవకాశం తక్కువ. హిమం అంటే మరిగించనిది. 20 గ్రాముల ధనియాలను రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. పొడి చెయ్యకూడదు, గింజ రెండుగా విచ్చుకుంటే చాలు. ఆరింతల నీళ్లు, అంటే 120 మిల్లీలీటర్లు పోసి రాత్రంతా మట్టిపాత్రలోనో గాజు గిన్నెలోనో మూతపెట్టి ఉంచాలి. పొద్దున్నే పల్చటి గుడ్డలో వడగడితే లేత గోధుమరంగు నీళ్లు వస్తాయి. వాసన ఘాటుగా ఉండదు, తడిసిన గడ్డి వాసనలా ఉంటుంది. కాస్త పంచదారో పటికబెల్లమో కలిపి పరగడుపున తాగాలి. షుగర్ ఉన్నవాళ్లు తీపి లేకుండా తాగొచ్చు. సుగంధిపాల వేళ్లు, వట్టివేళ్లు వేసి ఉంచిన నీళ్లు కూడా ఈ కోవలోవే.

రెండోది శతధౌత ఘృతం. రాగి పళ్లెంలో నెయ్యి వేసి, చల్లటి నీళ్లు పోసి, అరచేత్తో గుండ్రంగా రుద్దుతూ, నీళ్లు వంచేసి మళ్లీ పోస్తూ నూరుసార్లు కడుగుతారు. ఇరవయ్యో ముప్పయ్యో సార్లకు పసుపు రంగు పోవడం మొదలవుతుంది. చివరికొచ్చేసరికి నెయ్యి వాసన పోయి, వెన్నకంటే తెల్లగా, నురగలాంటి లేపనం చేతికి మిగులుతుంది. మండే అరికాళ్లకు, అరచేతులకు రాస్తే చల్లదనం లోపలికి దిగినట్టుంటుంది. ఇది పైపూతకే, తినడానికి కాదు.

దుకాణంలో దొరికే మందుల విషయంలో మాత్రం తొందరపడొద్దు. అవిపత్తికర చూర్ణాన్ని చాలామంది ఎసిడిటీ బిళ్లలా వాడేస్తుంటారు. అందులో ఎక్కువ పాళ్లు తెగడవేరు, పంచదార. తెగడ విరేచనకారి. అంటే అది మంటను అణచడం కాదు, పిత్తాన్ని కిందికి తోసే మందు. నెలల తరబడి రోజూ వేసుకునేది కాదు, గర్భిణులు అసలు ముట్టకూడదు. అతిమధురం కడుపుకు మేలు చేస్తుంది కానీ ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. సూతశేఖర రసం లాంటివాటిలో శుద్ధి చేసిన పాదరసం, వత్సనాభి అనే విషపు దుంప ఉంటాయి; వైద్యుడి చీటీ లేకుండా వాటి జోలికి పోవద్దు. చలువ చేస్తుందని ఇంటింటా వాడే తిప్పతీగ మీద కూడా 2021లో ముంబై వైద్యులు కాలేయం దెబ్బతిన్న కొన్ని కేసుల్ని ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. వాదన ఎటు తేలినా, కాలేయ సమస్యలున్నవాళ్లు దాన్ని సొంతంగా వాడకపోవడమే క్షేమం.

ఇంకొకటి నిజాయితీగా చెప్పాలి. పిత్తం ఇంత ఉందని ఏ రక్తపరీక్షా చూపించదు. అది లక్షణాలను గుదిగుచ్చి చూసే పద్ధతి. కాబట్టి పిత్తంలా కనిపించే ప్రతిదీ పిత్తం కాకపోవచ్చు. ఎప్పుడూ ఉక్కపోత, ఎంత తిన్నా బరువు తగ్గడం, గుండెదడ ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. మూత్రంలో మంట "వేడి" కాక ఇన్‌ఫెక్షన్ కావచ్చు. 1982లో వారెన్, మార్షల్ అనే ఆస్ట్రేలియా వైద్యులు కడుపులో పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి కారణం కావచ్చని కనిపెట్టారు, 2005లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ క్రిమి ఉంటే యాంటీబయాటిక్స్ వాడాల్సిందే, ధనియాల నీళ్లకు అది లొంగదు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ముద్ద దిగకపోయినా, కళ్లు పచ్చబడినా ఇంటివైద్యం ఆపి ఆస్పత్రికి వెళ్లండి. ఛాతీలో మంట ఎడమ చేతికో దవడకో పాకి చెమటలు పడితే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

కోపం కూడా కారణమే

పిత్తాన్ని రెచ్చగొట్టేవాటిలో కారం, పులుపు, ఎండలతో పాటు కోపాన్ని కూడా గ్రంథాలు పేరుపెట్టి చెప్పాయి. దీన్ని అలంకారంగా తీసుకుని దాటేస్తాం. ఆఫీసులో గొడవపడి వచ్చి అదే ఊపులో భోజనానికి కూర్చున్న రోజు, తిన్నది ఏదైనా నాకు మండుతుంది. పది నిమిషాలు కుర్చీలో వాలి, నాలుకను గొట్టంలా చుట్టి నోటితో గాలి పీల్చి ముక్కుతో వదిలే శీతలీ ప్రాణాయామం చేసి తింటే అదే అన్నం అరుగుతుంది. పిత్తం ఎక్కువైనవాళ్లకు ఒళ్లు విరుచుకునే వ్యాయామం కూడా పనికిరాదు. మామూలు మనిషికే బలంలో సగం వరకే చెయ్యమన్నారు. తలమీద వేడినీళ్లు పోసుకోవద్దని, అవి జుట్టుకు, కళ్లకు బలం తగ్గిస్తాయని వాగ్భటుడి మాట.

ఆ వాగ్భటుడే పిత్తానికి వైద్యం చెబుతూ నెయ్యి, విరేచనం, తీపి చేదు వగరు ఆహారాల తర్వాత ఒక వరస రాశాడు. చందనం, వట్టివేరు, కర్పూరం మాటిమాటికీ పూసుకోవడం. సాయంత్రపు వెన్నెల, మేడ మీద చల్లగాలి, ఇంపైన పాట. మొహమాటం లేకుండా మాట్లాడుకోగల స్నేహితుడు. ఇంకా మాటలు పూర్తిగా రాని పసివాడి ముద్దుపలుకులు. 1300 ఏళ్ల నాటి వైద్యగ్రంథంలో, మందుల వరసలో, పసిపిల్లల మాటలు! మొదటిసారి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. ఇప్పుడు నేను రాత్రి భోజనమయ్యాక ఫోన్ లోపల పెట్టి అరగంట డాబా మీద కూర్చుంటున్నాను. పక్కింటి రెండేళ్ల పిల్ల పిట్టగోడ దగ్గర నిలబడి రోజూ నాకు చందమామను చూపించి "లైట్" అని చెబుతుంది.